కుడుమునకు చీనా చుట్టము

దిల్‌సుఖ్‌నగరులో దీపములు పెట్టిన వేళ నడచువానికి కన్నులకంటె ముందు ముక్కే దారి చూపును. ఒక వంక మిరపకాయ బజ్జీలు, ఒక వంక ఇరానీ చాయ్, నడుమ బండిమీది సత్తు పాత్రలలోనుండి లేచుచున్న మోమోల ఆవిరి. చైతన్యపురిమీదుగా ఎల్.బి. నగరువరకు సాగిన ఈ బాటలో, పోటీ పరీక్షలకు చదువుకొను విద్యార్థులకు రాత్రి భోజనము సగము వీధిలోనే ముగియును. ఇచ్చట 'చైనీస్' అని పలక కట్టిన భోజనశాలలు కొత్తవి కావు. కొత్తగా తెరచినవాని పట్టికలలో మంచూరియా, నూడుల్సుల సరసను 'డిమ్ సమ్' అను పేరు కనబడుట మాత్రము కొత్త.

వెదురుబుట్ట బల్లమీదికి వచ్చును. కూతురు మూత తీయును. తండ్రి తొంగిచూచి, "ఇది మన కుడుమే గద బిడ్డా! దీనికిన్ని పైసలా?" అనును. "కుడుము కాదు నాన్నా, డిమ్ సమ్" అని ఆమె దిద్దును. ఇట్టి సంభాషణ ఏ బల్లయొద్దనైనను వినబడునదే. ఇద్దరిలో ఎవరి మాట సరియైనది?

డిమ్ సమ్ అనునది ఒక వంటకము పేరు కాదు. దక్షిణ చీనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమునందును, హాంగ్‌కాంగులోను మాటలాడు కాంటనీసు భాషలో అది చిరుతిండ్లకెల్ల కలిపి పెట్టిన పేరు. ఆ మాటకు 'హృదయమును తాకునది' అని అర్థము చెప్పుదురు. కడుపు నింపునది కాదు, మనసును పలుకరించునది అని భావము కాబోలు. అక్కడివారు దీనికై తేనీటిశాలకు పోవుటను 'యమ్ చా' అందురు, అనగా 'టీ త్రాగుట'. తిండికి పోవుచు త్రాగుటకని చెప్పుట మనకును తెలియని మర్యాద కాదు. ఆ 'చా' యే నేలదారిన పారసీకదేశముమీదుగా వచ్చి మనకు చాయ్ అయినది. చీనాలోనే మరియొక రేవున 'తె' అని పలుకగా, డచ్చి వర్తకులు దానిని ఓడలకెక్కించి ఐరోపాకు చేర్చిరి. ఆంగ్లేయుల నోట అది టీ అయినది. ఒక ఆకు రెండు దారుల వచ్చి ఒక్క హైదరాబాదు కప్పులో కలిసికొన్నది.

ఇక తండ్రి మాట. డిమ్ సమ్‌లలో పేరుపడిన 'హార్ గావ్' లోపల రొయ్య కనబడునంత పలుచని పొర గలది. గోధుమపిండిలోని జిగురును కడిగివేయగా మిగిలిన గంజిపొడితో ఆ పొర చేయుదురు. జిగురు లేని పొడి చన్నీళ్ళతో కలిపిన ముద్ద కట్టక విరిగిపోవును. అందుచేత మరుగుచున్న నీరు పోసి కలుపుదురు. వేడికి గంజి ఉబ్బి, సాగు గుణము తెచ్చుకొనును. వినాయకచవితినాడు బియ్యపుపిండిని మరుగునీటిలో పోసి ఉక్కించు తెలుగు ఇల్లాలు చేయునదియు సరిగా ఇదియే. బియ్యములోను ఆ జిగురు లేదు. ఇంత దూరపు రెండు వంటశాలలు ఒకే చిక్కునకు ఒకే విడుపు కనుగొన్నవి. వెదురుబుట్టయును అట్టిదే. లోహపు మూతకు తగిలిన ఆవిరి నీరై తిండిమీద కారును, వెదురు దానిని పీల్చుకొనును. మన పెద్దలు కుండమూతికి వాసెన కట్టి, ఆ గుడ్డమీద కుడుములుంచిరి. కాంటనువారు జిగురుబియ్యమును తామరాకులో చుట్టి ఉడికింతురు. కోనసీమవారు ఇడ్లీపిండిని పనసాకు బుట్టలలో పోయుదురు. మడతలు పెట్టిన హార్ గావ్ ప్రక్కన బెల్లము, కొబ్బరి పెట్టిన జిల్లేడుకాయ నుంచినచో, రెండును ఒకే ఇంటి పిల్లలనిపించును.

అయినను కూతురు దిద్దుటలోను న్యాయమున్నది. రొయ్యయు, పందిమాంసమును పెట్టి తేనీటితో తిను పదార్థమును కుడుమనుట చుట్టమును తమ్ముడని పిలిచినట్లుండును. ప్రేమ కలదుగాని వరుస తప్పినది. పైగా ఆ బుట్టలో వచ్చునది పలుమారు హార్ గావ్ కాదు, మైదాపొరలో కోడిమాంసమో పన్నీరో పెట్టిన మోమో. మోమో టిబెట్టు, నేపాళముల సొత్తు. 1959 తరువాత మన దేశమునకు శరణు వచ్చిన టిబెట్టువారితో పాటు అది మన నగరములలో వ్యాపించినది. దానికి డిమ్ సమ్ అని పేరు పెట్టిన ధర పెరుగునేమో గాని జాతి మారదు. మంచూరియా సంగతియు ఇట్టిదే. 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అను వంటవాడు దానిని కల్పించెనని ప్రసిద్ధి. ఆయన కలకత్తాలో పుట్టిన చీనావాడు.

కలకత్తా పేరు వచ్చినది గనుక ఆగవలెను. పదునెనిమిదవ శతాబ్ది చివర అచ్యూ అను చీనా వర్తకుడు హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టెను. ఆ ఊరు నేటికిని అచీపూర్. తరువాత వచ్చిన హక్కా కుటుంబములు టాంగ్రాలో తోళ్ళు పదునుపెట్టిరి. పట్టికలలోని 'హక్కా నూడుల్స్' వారి పేరే. 1962 యుద్ధమప్పుడు ఈ దేశమందలి చీనావారిని సుమారు 3,000 మందిని రాజస్థానములోని దేవ్‌లీ నిర్బంధ శిబిరమునకు తరలించిరి. వారిలో అనేకులు ఇక్కడనే పుట్టినవారు; కొందరు సంవత్సరములకొలది అక్కడనే ఉండిరి. విడుదలైన పిదప దేశము విడిచినవారును ఎందరో. వారి నూడుల్సు మన వీధివీధికిని వచ్చినవి. ఈ కథ మాత్రము మన పాఠ్యపుస్తకములకు అంతగా రాలేదు.

దిల్‌సుఖ్‌నగరు బల్లయొద్ద డిమ్ సమ్‌ను దిద్దిన ఆ బాలికను జిల్లేడుకాయ యననేమని అడిగినచో చెట్టు కాయ యని చెప్పవచ్చును. తప్పు ఆమెది కాదు. తండ్రి యింట అది వండి ఎన్నియేండ్లయినదో అడుగవలెను. పంతులుగారు తరగతిలో ఆవిరిపై ఉడుకు వంటకముల పేర్లు పిల్లలచేత ఇంటింట అడిగించి వ్రాయించినచో, ఇడ్లీ దాటి ఎన్ని పంక్తులు వచ్చునో తెలియును.

తినువారికి ఒక్క మాట. గంజితో చేసిన పొర చల్లారినకొలది బిరుసెక్కును. కుడుమైనను, హార్ గావైనను వేడిమీదనే రుచి. బుట్ట రాగానే ఫోటోలకు నిలుపక తినవలెను.