తీపి బిళ్లా? పంచదారా?

షుగరు ఉన్న ఇంట్లో టీ వేళకు తగవు తప్పదు. "ఒక్క చెంచా పంచదార వెయ్యవే" అంటారు తాతగారు. "మీకు తీపి బిళ్లే" అంటారు మామ్మగారు.

ఈ తగవులో మామ్మగారిదే గెలుపు. టీ చెంచా పంచదార సుమారు 5 గ్రాములు. అది రక్తంలో చక్కెరను పెంచుతుంది. తీపి బిళ్ల పెంచదు. బెల్లం, తేనె కూడా పెంచేవే.

అయినా పంచదార డబ్బాను దాచేయకండి. ఇన్సులిన్ వేసుకొని భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర 70 కంటె తక్కువకు పడిపోవచ్చు. చెమట, వణుకు, తికమక దాని గుర్తులు. అప్పుడు తీపి బిళ్ల పనికిరాదు. వెంటనే 3 టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు పరీక్షించి, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి. ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.

మామ్మగారూ, ఆ డబ్బా అందరికీ అందేచోట ఉంచండి. టీ కోసం కాదు, ఆపద కోసం.