ఈసారి ప్రహ్లాదుడెవరు?

వచ్చే నెల మొదటి శనివారంనాడు మా ఊళ్ళో సురభివారి ఆటలు మొదలవుతున్నవి. పది రాత్రులు, ఎనిమిది నాటకాలు. గులాబిరంగు కరపత్రం ఇంటింటికీ వచ్చింది. దాని ఫొటో అందరి ఫోనులలోకీ వచ్చింది. ‘మాయాబజార్’తో ఆరంభం, ‘లవకుశ’తో మంగళం. నడుమ ‘పాతాళభైరవి’, ‘బాలనాగమ్మ’, ‘శ్రీకృష్ణలీలలు’, ‘సత్యహరిశ్చంద్ర’, ‘బ్రహ్మంగారి చరిత్ర’. రెండో ఆదివారం ‘భక్త ప్రహ్లాద’. మిగిలిన రెండు రాత్రులూ జనం ఏది మళ్ళీ కావాలంటే అది.

కరపత్రంలో ఒక్క నటుడి పేరు కూడా లేదు. సినిమా పోస్టర్లకు అలవాటుపడిన మా మనవడికి ఇది వింతగా తోచింది. “హీరో ఎవరో వెయ్యలేదేమిటి తాతయ్యా?” అన్నాడు. నాకూ అదే సందేహం. కాని నేను తెలుసుకోవాలనుకున్నది హీరో సంగతి కాదు, ప్రహ్లాదుడి సంగతి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కు పోవాలి.

సురభి మనిషి పేరు కాదు, ఊరి పేరు. కడప జిల్లాలోది. వనారసవారి పూర్వులు మహారాష్ట్రంనుంచి వచ్చి తోలుబొమ్మలు ఆడించుకునేవారు. 1885లో సురభి గ్రామంలో ఒక పెండ్లి సందర్భంగా బొమ్మలను పక్కన పెట్టి, తామే ముఖాలకు రంగు పూసుకుని ‘కీచకవధ’ ఆడారు. వనారస గోవిందరావుగారి పేరు ఆనాటినుంచీ వినిపిస్తుంది. తరువాత కొడుకులు, కూతుళ్ళు, అల్లుళ్ళు ఎవరికి వారు సమాజాలు పెట్టుకున్నారు. సంసారం పెరిగినకొద్దీ కంపెనీలూ పెరిగినవి. ఒక దశలో అవి ముప్పయికి పైబడినవి. ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

తక్కినచోట్ల మీసాలు గొరిగించుకున్న మగవారు ద్రౌపదులుగా, చిత్రాంగులుగా వెలుగుతున్న కాలంలోనే సురభిలో ఆడవేషాలు ఆడవారే కట్టారు. అది సంస్కరణోత్సాహంతో చేసిన పని అని నేననుకోను. ఎదుట నిలబడ్డ రాజు భర్తో, అన్నగారో అయినప్పుడు ఆక్షేపించేదెవరు? తెర వెనకా కుటుంబమే, తెర ముందూ కుటుంబమే. కమలాబాయి కథ మీరు వినే ఉంటారు. తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులు వచ్చి, రంగస్థలంమీదనే ఆ బిడ్డ పుట్టిందనీ, ప్రేక్షకులు అదికూడా నాటకంలో భాగమే అనుకున్నారనీ చెప్పుకుంటారు. ఆ కమలాబాయే చిన్నతనంలో కృష్ణుడూ ప్రహ్లాదుడూ కట్టి, 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి అయింది.

అందువల్ల సురభివారి నాటకాల పట్టీని మనం చదివే తీరు వేరుగా ఉండాలి. అది వారి ఇంటి జాబితా. ఇంట్లో ఈడొచ్చిన పిల్ల ఉంటే శశిరేఖ ఉంటుంది. గొంతు ఇంకా వణకని పెద్దాయన ఉంటే హరిశ్చంద్రుడుంటాడు. నిన్నటి కృష్ణుడు పొట్ట పెరిగితే బలరాముడవుతాడు, జుట్టు నెరిస్తే ధర్మరాజవుతాడు. ఇక పిల్లలు! కరపత్రం ముందు పెట్టుకుని లెక్క చూడండి. ప్రహ్లాదుడు కావాలి. లవుడూ కుశుడూ కావాలి. హరిశ్చంద్రకు లోహితాస్యుడు కావాలి. కృష్ణలీలలకు బాలకృష్ణుడు కావాలి. ఎనిమిదింట నాలుగు నాటకాలు పదేళ్ళలోపు పిల్లలమీద నిలబడి ఉన్నవి.

మైదానంలో అప్పటికే వాసాలు దిగాయని తెలిసి, ఒక సాయంత్రం మనవణ్ణీ మా ఇంటావిడనూ వెంటబెట్టుకుని వెళ్ళాను. తెరలు ఎండలో ఆరవేసి ఉన్నవి: దర్బారు, అడవి, వీధి, అంతఃపురం. ఎన్నో ఏళ్ళుగా చుడుతూ విప్పుతూ ఉండటంచేత అడవిలోని చెట్లకు మడతలు పడ్డాయి. చిన్నప్పుడు నాకు అర్థంకానిది ఒకటి ఉండేది: దర్బారుకూ దర్బారుకూ మధ్య సంబంధంలేకుండా వీధిలో ఇద్దరు వచ్చి హాస్యమాడటం దేనికా అని. వీధి తెర ముందు వారు మనను నవ్విస్తూంటే దానివెనక మిగతావారు సింహాసనం తోసుకువచ్చి పెడతారన్నమాట. పార్సీ కంపెనీలనాటి ఉపాయం. దీపం ఆర్పి మళ్ళీ వెలిగించేసరికి అడవి పోయి సభ వస్తుంది.

మనవడు మాత్రం లడ్డూల దగ్గర ఆగిపోయాడు. ఘటోత్కచుడు నోరు తెరిస్తే పళ్ళెంలోంచి లడ్డూలు వాటంతటవే లేచి నోట్లో పడటం వాడు ఫోనులో చూశాడు. “గ్రాఫిక్సా?” అని అడిగాడు. ఒక కుర్రవాడు నవ్వి సన్నని నల్లదారం వాడి వేలికి చుట్టి లాగి చూపించాడు. నారదుడు మేఘాలలోంచి దిగటానికి తీగ, కప్పీ. రెండు బాణాలు ఆకాశంలో ఢీకొనటానికి ఎదురెదురుగా రెండు దారాలు. లాగేవాడు ఒక్క క్షణం ఆలస్యం చేస్తే అర్జునుడి పరువు పోతుంది! ఇదంతా తెలిసిపోతే ఇక ఆట చూడబుద్ధికాదేమోనని నేను భయపడ్డాను. వాడు మాత్రం ఇంటికి వచ్చేదాకా మొదటి ఆటకు టికెట్లు కొన్నావా, కొన్నావా అని వేధించాడు.

పౌరాణికాలూ, తీగలూ తప్ప వీరికి మరేమీ రాదనుకునేవారున్నారు. 1990ల దశకంలో కన్నడ దర్శకుడు బి. వి. కారంత్ వచ్చి వీరిచేత ‘భీష్మ’, ‘చండీప్రియ’ ఆడించారు. జర్మను రచయిత బ్రెహ్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. దానికి తోడు నిలిచిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి 1937లో పుట్టినది. దానిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. బాబ్జీ అంటేనే అందరికీ తెలుస్తుంది. 2022లో పోయారు. హైదరాబాదు శివారు శేరిలింగంపల్లిలో సురభి కుటుంబాలకు ఒక కాలనీ ఏర్పడింది. ఊరూరా డేరాలు మోసినవారికి చివరకు గోడలున్న ఇళ్ళు దొరికాయి. గోడలతోపాటు బడులూ దగ్గరైనవి. చిక్కంతా అక్కడే ఉన్నది.

ప్రహ్లాదుడి సంగతి అడిగితే, కంపెనీ పెద్దాయన సూటిగా జవాబివ్వలేదు. రెండేళ్ళుగా ఆ వేషం కట్టిన మనవడు ఈ ఏడు ఆరోతరగతిలో చేరాడు, హాస్టల్లో ఉన్నాడు. ఆదివారం వస్తాడేమోనని నాటకం ఆదివారం వేశారట. వాడి తల్లి డేరా పక్కన బియ్యం ఏరుతూ ఇదంతా వింటున్నది. రేపు లీలావతి ఆవిడే. “వాడు రాడు బాబుగారూ, సోమవారం పరీక్ష” అన్నది, తల ఎత్తకుండానే. పెద్దాయన మారు మాట్లాడలేదు.

తరువాత ఆవిడ మా ఇంటావిడతో చాలాసేపు మాట్లాడింది. ఆరేళ్ళకే లోహితాస్యుడు కట్టిందట. వంద పద్యాలు నోటికి వచ్చుగాని, బ్యాంకుకు వెళితే కాగితం ఇంకొకరు నింపాలట. వన్స్‌మోర్లు కొట్టినవారు ఎవరూ ఆ కాగితం నింపటానికి రాలేదు కదమ్మా అన్నదట. ఇంటికి వస్తూ నేను, కళ నశించిపోతున్నదని ఏదో మొదలుపెట్టాను. “మన పిల్లవాణ్ణి పరీక్ష ముందురోజు పంపుతామా?” అన్నది మా ఆవిడ. పంపం. ఆ తల్లికి చెప్పదగ్గ మాట నా దగ్గర లేదు. కాని ప్రహ్లాదుడు లేని సురభిని ఊహించుకోవటంకూడా నాకు చేతకావటం లేదు. ఈ రెంటికీ పొత్తు కుదర్చాలంటే వేసవి సెలవులలోనే ఈ ఆటలు పెట్టించి, మనం డేరా నింపటంకన్న మార్గం కనిపించదు. పుస్తకాలు మూసిన నెలలో ఏ తల్లి మాత్రం కాదంటుంది?

మేము బయలుదేరే వేళకు హార్మోనియం మొదలైంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె, ఆ కుర్రవాడి చెల్లెలు, చేతులు జోడించి నిలబడి ప్రహ్లాదుడి పద్యం ఎత్తుకున్నది. గొంతు అందలేదు. హార్మోనియం ఆయన ఏమీ అనకుండా శ్రుతి అరమెట్టు దించాడు. మళ్ళీ ఎత్తుకున్నది. తల్లి బియ్యం చేట పక్కన పెట్టి, చివర రాగం ఎక్కడ విరవాలో వేలితో గాలిలో చూపించింది. కరపత్రంలో పేర్లు ఎందుకు వెయ్యలేదో మనవడికి నేను చెప్పనవసరం లేకపోయింది.

ఆ ఆదివారానికి నాలుగు టికెట్లు తీసుకున్నాను. అందరం వెళ్ళినా ఒక సినిమా ఖర్చు కాదు. ముందు వరసలో కూర్చోకండి, తీగలు కనిపిస్తవి. ఆరో వరసలో, నడుమన బాగుంటుంది. ఒకప్పుడు తెల్లవార్లూ ఆడేవారు, ఇప్పుడు రెండున్నర గంటలు. ఆట ఏడు గంటలకు. స్తంభం పగిలి నరసింహస్వామి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. చిన్నపిల్లలున్నవారు మధ్యాహ్నం కాసేపు నిద్రపుచ్చి తీసుకువస్తే మంచిది.