వంటింటిలో ఒక అరుగు

గ్రామ పెద్దలారా,

మన పల్లెలలో ఇల్లు కట్టువారు మొట్టమొదట వీథి అరుగును తలచుకొందురు. బాటసారి సేదదీరుటకు, తగవులు తీర్చుటకు, సాయంకాలము నలుగురు కూడి ముచ్చటించుటకు అది యుండవలెను. కాని ఆ యింటి వంటగదిలో, దినమునకు నాలుగైదు గంటలు గడపు ఇల్లాలు కూర్చుండుటకు చోటున్నదా యని విచారించువారు అరుదు. ఈ లోటును స్వల్పవ్యయముతో తీర్చుకొను విధమును నేడు మనవి చేయుదును.

పూర్వము పొయ్యి నేలమీద నుండెడిది. వండునామె పీట వేసికొని కూర్చుండి వండెడిది. పిల్లలును, వృద్ధులును ఆ పొయ్యి చెంతనే చేరెడివారు. అయితే ఆ పొగ కన్నులకును, ఊపిరితిత్తులకును చేటు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగ బాధ లేని పొయ్యిని రూపొందించి, దానిని గూర్చి 1953లో ఒక గ్రంథమును ప్రకటించిరి. పిమ్మట గ్యాసు పొయ్యి వచ్చినది, పొగ పోయినది. ఇది మేలే. కాని పొయ్యి గట్టుమీది కెక్కినది. పీట మాత్రము నేలమీదనే యుండిపోయినది. అందుచే ఇల్లాలు నిలిచియే వండును. అందరి భోజనములైన పిమ్మట ఒంటరిగా ఒక మూల తినును. మోకాళ్ల నొప్పులుగల అత్తగారు నేల కూర్చుండలేక వంటింటి కేసియే రారు.

నేను నివసించు బహదూరుపురా హైదరాబాదు పాతబస్తీలో మూసీనదికి దక్షిణమున నున్నది. ఇచ్చట ఇండ్లు ఇరుకు. మా వంటగది పొడవు 10 అడుగులు, వెడల్పు 8 అడుగులు. అందు బల్లయు, నాలుగు కుర్చీలును వేసినచో మనిషి మసలుటకు వీలుండదు. కావున గోడ నానించి ఒక అరుగు కట్టించితిని.

దాని పొడవు 4½ అడుగులు, లోతు 15 అంగుళములు, ఎత్తు 16½ అంగుళములు, అనగా మూరెడుకు కొంచెము తక్కువ. ఈ యెత్తున కూర్చున్న పెద్దవారికి పాదములు నేల నానును, లేచుటయు సులభము. రెండు కొసలను, నడుమను మూడు ఇటుక దిమ్మెలు కట్టవలెను. 9 అంగుళముల ఇటుకలు వరుసకు మూడు చొప్పున అయిదు వరుసలు. దిమ్మెకు 15, మొత్తము 45. విరుగుళ్లతో 50 చాలును. పైన 1½ అంగుళము మందముగల షాబాదు బండ గాని, తాండూరు బండ గాని పరచి, ముందటి అంచును నునుపుగా నూరించవలెను.

ఖర్చు తగ్గునని నడిమి దిమ్మెను మానవలదు. మా పేట చెంతనున్న మీర్ ఆలం చెరువు కట్టను చూచినవారికి దీని మర్మము తెలియును. ఆ కట్ట ఒకే తిన్నని గోడ గాక 21 అర్ధవృత్తపు కమానులుగా నున్నది. నీటి ఒత్తిడిని అవి పంచుకొనును. అట్లే నడుమ దిమ్మె యున్నచో బండక్రింద ఆధారములేని జాగా ఒక్కొక్క ప్రక్క 13½ అంగుళములే. ముగ్గురు కూర్చున్నను భయములేదు.

ఇటుకలు, బండ, అరబస్తా సిమెంటు, ఇసుక, మేస్త్రీకి ఒకనాటి కూలి, ఇంతియే వ్యయము. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలున్నచో అదియు తగ్గును. కేరళలో అనేక గృహములు నిర్మించిన లారీ బేకరుగారు కూర్చుండు గట్టులను ఇటుకతో ఇంటిలోనే కలిపి కట్టి, సామానుల ఖర్చును తగ్గించిరి. కొయ్యకు చెద పట్టును, ప్లైవుడ్డు నీట నానిన ఉబ్బును. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదను చూచిన నగరమిది. 2020 అక్టోబరు వానలలోను పాతబస్తీ లోతట్టు ఇండ్లలో నీరు చొచ్చినది. ఇటుకను, బండను కడిగి ఆరబెట్టిన చాలును.

కొన్ని జాగ్రత్తలు వలయును. పొయ్యికిని అరుగునకును 3 అడుగులకు తక్కువగాని ఎడముండవలెను. దిమ్మెల నడుమ ఊరగాయ జాడీలు, బియ్యపు డబ్బా పెట్టవచ్చును గాని గ్యాసు సిలిండరును పెట్టరాదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో క్రిందికి దిగి మూలలందు నిలుచును. చలికాలమున బండ చల్లగా నుండును గనుక పాతచీరలతో కుట్టిన బొంతను మడిచి వేసికొనవలెను. దాని అంచులు వ్రేలాడరాదు.

ఇప్పుడు మా తల్లిగారు ఆ యరుగుపై కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుతురు. పిల్లలు అచ్చటనే పాఠములు చదువుకొందురు. ఇల్లాలు వారి ప్రక్కనే కూర్చుండి వేడి యన్నము తినును.

మీ గ్రామమున ఎవరైన ఇల్లు కట్టుచు సలహా నడుగ వచ్చినపుడు, వీథి అరుగుతోపాటు వంటింటి అరుగును గూడ జ్ఞాపకము చేయుడు. దాని చోటెక్కడనో ఆ యింటి ఆడవారినే అడిగి, పునాదికి ముగ్గు పోయునాడే గుర్తుంచుడు.