ప్లాస్టిక్‌ను విడగొట్టే ఎంజైములు

ఆకు గాని, కట్టె గాని నేలపై పడితే సూక్ష్మజీవులు దానిని క్రమంగా మట్టిలో కలుపుతాయి. ప్లాస్టిక్ అలా త్వరగా కలిసిపోదు. వాడుకలో వరమైన దాని మన్నికే పారవేసిన తరువాత శాపమౌతున్నది.

సూక్ష్మజీవులు పదార్థాలను విడగొట్టేది ఎంజైముల సహాయంతోనే. మనం నమిలే అన్నంలోని పిండిపదార్థాన్ని లాలాజలం చక్కెరగా మార్చడం కూడా ఎంజైము పనే. ప్రతి ఎంజైమూ ఒక తాళపుచెవి వంటిది. తనకు తగిన తాళాన్నే అది తెరువగలదు.

మంచినీళ్ళ సీసాలను 'పెట్' అనే ప్లాస్టిక్‌తో తయారుచేస్తారు. టెరెఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలీన్ గ్లైకాల్ అనే రెండు పదార్థాలు గొలుసు కట్టుగా చేరడం వల్ల ఇది ఏర్పడుతుంది. ఆ గొలుసులోని ముడులను ఎస్టర్ బంధాలంటారు.

జపాన్‌లోని సకాయ్ నగరంలో, ఈ సీసాలను పునర్వినియోగానికి సిద్ధపరచే చోట శాస్త్రజ్ఞులు ఒక బాక్టీరియాను కనుగొని 2016లో ప్రకటించారు. ఆ నగరం పేరు మీదుగానే దానికి 'ఇడియోనెల్లా సకాయెన్సిస్' అని పేరు పెట్టారు. అది పెట్‌నే ఆహారంగా గ్రహించగలదు. దాని ఎంజైములలో ఒకటి గొలుసును తుంచుతుంది. రెండవది ఆ తునకలను మూలపదార్థాలుగా విడదీస్తుంది. అయితే ఒక పలుచని పొరను హరించడానికే దానికి ఆరు వారాలు పట్టింది.

పరిశ్రమకు ఈ వేగం చాలదు. పెట్ గొలుసులు సడలాలంటే దాదాపు 70 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ వేడిలో చాలా ఎంజైములు తమ ఆకృతిని కోల్పోతాయి. ఆకుల ఎరువులో లభించిన మరొక ఎంజైమును ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు వేడికి తట్టుకొనేటట్లు మార్చారు. 2020లో వెలువడిన వారి పరిశోధన ప్రకారం, అది 72 డిగ్రీల వద్ద పది గంటలలో కనీసం 90 శాతం పెట్‌ను మూలపదార్థాలుగా విడగొట్టింది. అందుకు ముందుగా ప్లాస్టిక్‌ను కరిగించి, వెంటనే చల్లార్చి, పొడి చేయవలసి ఉంటుంది.

సాధారణ పద్ధతిలో కరిగించి మళ్ళీ మళ్ళీ పోతపోసిన ప్లాస్టిక్ నాణ్యత తగ్గుతూ పోతుంది. ఎంజైము పద్ధతిలో లభించే మూలపదార్థాలను శుద్ధిచేస్తే, పాత సీసా నుండి కొత్తదానితో సమానమైన సీసా తయారవుతుంది.

కాని ఈ తాళపుచెవికి అన్ని తాళాలూ లొంగవు. పాలిథీన్ సంచులలో ఎస్టర్ బంధాలు లేవు. అందువల్ల ఈ ఎంజైములు వాటిని విడగొట్టలేవు. అన్నీ కలగలిసిన చెత్తకుప్పలో ఈ విద్య ఫలించదు. సీసాను సంచి నుండి వేరుచేసే చేతులు ముందు ఉండాలి. ఎంజైము పని ఆ తరువాతనే.