మీట నొక్కినా కదలని కారు

సాంకేతిక ప్రగతి మనకు ప్రసాదించిన సౌకర్యాలు అనేకం. ప్రతి సౌకర్యం వెనుకా ఏదో ఒక చిన్న ఆధారం ఉంటుంది. అది తొలగినప్పుడు గాని దాని ఉనికి మనకు తెలిసిరాదు. నేటి కార్లలో అట్టి ఆధారం తాళంచెవి లోపల ఉండే రూపాయి బిళ్ళంత సెల్లు.

తాళంచెవి జేబులో ఉండగానే తలుపు తెరుచుకోవడం, మీట నొక్కగానే ఇంజను ప్రారంభం కావడం 1990 దశకం చివర మెర్సిడెస్ బెంజ్ వంటి ఖరీదైన కార్లకే పరిమితమైన విశేషం. నేడది మధ్యతరగతి కుటుంబాల కార్లలో సైతం సామాన్యం. అయితే ఆ సెల్లు నిర్జీవమైతే ఏమి చేయాలో తెలిసినవారు తక్కువ.

ఉదాహరణకు జంషెడ్‌పూర్‌లోని మాంగో ప్రాంతాన్ని తీసుకుందాం. ఉక్కు నగరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది సుపరిచితమైన పేరే. సువర్ణరేఖకు ఇవతలి ఒడ్డున సాక్చీ, ఆవలి ఒడ్డున మాంగో. అక్కడివారు బిష్టుపూర్‌లోని టాటా మెయిన్ హాస్పిటల్‌కు రావాలంటే నది మీది వంతెన దాటవలసిందే. ఇంటి యజమాని రాత్రి షిఫ్టులో ఉన్నాడనుకుందాం. ఇంట్లో పెద్దాయనకు ఆయాసం వచ్చింది. గృహిణికి కారు నడపడం తెలుసు. కాని మీట నొక్కితే ‘తాళంచెవి కనబడలేదు’ అన్న హెచ్చరిక తప్ప ఇంజను పలకదు. ఆ వేళ సెల్లు అమ్మే దుకాణం తెరిచి ఉండదు. ఇట్టి సందర్భంలో వృథా అయ్యే ప్రతి నిమిషమూ విలువైనదే.

వాస్తవానికి ఆ కారు బయలుదేరడానికి సిద్ధంగానే ఉన్నది. సెల్లు పోయినంత మాత్రాన తాళంచెవి పనికిరాకుండా పోదు.

తాళంచెవిలో రెండు ఏర్పాట్లు

మనం తలుపు పిడి తాకినప్పుడు లేదా మీట నొక్కినప్పుడు కారు సుమారు 125 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలో ఒక సంకేతం పంపుతుంది. తాళంచెవి దానిని గ్రహించి రేడియో తరంగాల ద్వారా, మన దేశంలో సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, రహస్య సంకేతభాషలో జవాబిస్తుంది. ఈ జవాబుకు కావలసిన శక్తినిచ్చేది సెల్లు.

రెండవ ఏర్పాటు దొంగతనాన్ని నిరోధించే చిన్న చిప్పు. దీనికి సెల్లుతో పని లేదు. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే దీనికి ఆధారం. కారులోని తీగచుట్ట కల్పించిన అయస్కాంత క్షేత్రం తాళంచెవిలోని తీగచుట్టలో విద్యుత్తును ప్రేరేపిస్తుంది. ఆ స్వల్ప విద్యుత్తుతోనే చిప్పు తన గుర్తింపును తెలుపుకొంటుంది. మన ట్రాన్స్‌ఫార్మరులో జరిగేదీ ఇదే. తేడా ఒక్కటే, ఇక్కడ దూరం కొద్ది సెంటీమీటర్లు మించరాదు. కనుక తాళంచెవి జేబులో ఉంటే చాలదు, దానిని కారులోని తీగచుట్టకు ఆనించాలి.

చేయవలసిన విధానం

1. తాళంచెవి పక్కన ఉండే చిన్న మీటను జరిపితే లోపలి లోహపు తాళంచెవి బయటికి వస్తుంది. దానితో డ్రైవరు వైపు తలుపు తెరవాలి. కొన్ని కార్లలో తాళపు రంధ్రం పిడి వద్ద చిన్న మూత వెనుక దాగి ఉంటుంది.

2. తలుపు తెరవగానే అలారం మోగవచ్చు. కంగారు పడనవసరం లేదు. కారు తాళంచెవిని గుర్తించగానే సాధారణంగా అది ఆగిపోతుంది.

3. గేరు పార్కింగు స్థానంలో లేదా న్యూట్రల్‌లో ఉన్నదని చూసుకొని బ్రేకు పెడల్‌ను, మాన్యువల్ గేరు కారైతే క్లచ్‌ను కూడా, పూర్తిగా తొక్కి ఉంచాలి.

4. తాళంచెవిని నిర్దిష్ట స్థానంలో ఆనించి మీట నొక్కాలి. హ్యుందాయ్, టొయోటా, మారుతి సుజుకి కార్లలో అనేకం తాళంచెవిని స్టార్ట్ మీటకే ఆనించేటట్లు రూపొందినవి. బి.ఎం.డబ్ల్యు. కార్లలో ఈ గుర్తు స్టీరింగు కాండం మీద ఉంటుంది. మరికొన్నింటిలో సీట్ల మధ్య ఉండే పెట్టెలో ఇందుకు ప్రత్యేకంగా అర ఉంటుంది. మీ కారులో ఈ స్థానం ఎక్కడున్నదో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడవచ్చు.

ఇంజను ప్రారంభమైన తరువాత మార్గమధ్యంలో ఆపకపోవడం మంచిది. ఆపితే మరల ఇదే విధంగా ప్రారంభించవలసి వస్తుంది. డాష్‌బోర్డు దీపాలు వెలగకపోయినా, మసకగా వెలిగినా లోపం తాళంచెవిలో లేదు, కారు పెద్ద బ్యాటరీలో ఉన్నదని గ్రహించాలి. అప్పుడీ ఉపాయం పనిచేయదు.

సెల్లు పరీక్షలో మోసం

ఈ సెల్లు చాలా కార్లలో సి.ఆర్. 2032 రకం. చివరి నాలుగు అంకెలు కొలతలే: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. దీని వోల్టేజి 3 వోల్టులు. మల్టీమీటరుతో చూసి సెల్లు బాగున్నదని నిర్ణయించడం సరికాదు. సెల్లు పాతబడేకొద్దీ దాని అంతర్నిరోధం పెరుగుతుంది. భారం లేనప్పుడు వోల్టేజి బాగానే కనబడి, సంకేతం పంపే క్షణంలో పడిపోతుంది. చలిలో ఈ నిరోధం ఇంకా అధికమౌతుంది. నిన్న సాయంత్రం పనిచేసిన తాళంచెవి డిసెంబరు ఉదయాన మొరాయించడానికి కారణమిదే. తలుపు తెరవడానికి మునుపటికంటే దగ్గరగా వెళ్ళవలసి వస్తున్నదంటే సెల్లు మార్చే సమయం ఆసన్నమైనట్లే. డాష్‌బోర్డు మీద హెచ్చరిక కనబడే కార్లలో ఆ రోజే మార్చడం ఉత్తమం. మార్చేటప్పుడు ధన ధ్రువం ఏ వైపున్నదో గమనించాలి.

తీసివేసిన పాత సెల్లును టేబులు మీద వదలరాదు. పసిబిడ్డ దానిని మింగితే అది అన్నవాహికలో ఇరుక్కొని, మిగిలి ఉన్న కొద్దిపాటి విద్యుత్తుతోనే అక్కడి తడిలో క్షారాన్ని పుట్టిస్తుంది. రెండు గంటలలోనే తీవ్రమైన కాలిన గాయం ఏర్పడవచ్చు. వాంతి చేయించే ప్రయత్నం మాని, తక్షణం ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. పాత సెల్లు రెండు ముఖాలకూ టేపు అంటించి, పిల్లలకు అందని చోట భద్రపరచి, ఈ-వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాలి.

ఇంట్లో అభ్యాసం

ప్లాంటులో అత్యవసర పంపును వారానికొకసారి నడిపి చూస్తాం. అవసరం వచ్చిన నాడు వెతుక్కోకూడదన్నదే అందులోని ఉద్దేశం. అదే క్రమశిక్షణ ఇంటి కారుకూ వర్తిస్తుంది. ఒక ఆదివారం తాళంచెవిలోని సెల్లు తీసివేసి, లోహపు తాళంచెవితో తలుపు తెరిచి, ఇంజను ప్రారంభించి చూడాలి. పది నిమిషాల పని. ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరి చేతా, ముఖ్యంగా మనం షిఫ్టులో ఉన్నప్పుడు ఇంటి బాధ్యత వహించే వారి చేత, ఒకసారి చేయించాలి. తరువాత కొత్త సెల్లు అమర్చి, మరొకటి ప్యాకింగు విప్పకుండా ఇంట్లో తాళం వేసిన అరలో ఉంచుకోవాలి.