క్రేన్‌తో మనిషిని పైకి ఎత్తొచ్చా? బుట్ట ఎక్కే ముందు అడగాల్సిన ప్రశ్నలు

కోకాపేట, నార్సింగి వైపు వెళ్లి తల ఎత్తితే చాలు, ఎటు చూసినా టవర్ క్రేన్లే. ఆ భవనాల్లో వెల్డింగ్ చేసేవాళ్లు, ఏసీ డక్టులు బిగించేవాళ్లు, అద్దాలు అమర్చేవాళ్లు, పెయింటర్లు ఉంటారు. వాళ్లలో మన ఇళ్ల పిల్లలూ ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లలో కూడా ఎందరో చేసేది ఇదే పని. కాబట్టి ఈ విషయం సైట్‌లో ఉన్నవాళ్లకే కాదు, ఇంట్లో ఉన్న అమ్మీలకు, అబ్బాలకు, భార్యలకు కూడా తెలియాలి.

సైట్‌లో అప్పుడప్పుడు ఒక మాట వినిపిస్తుంది. "పైన చిన్న పనే ఉంది. కొక్కెం పట్టుకుని ఎక్కేయ్, ఐదు నిమిషాల్లో దిగిపోతావు." పరంజా కట్టాలంటే ఖర్చు, మెట్లు ఎక్కాలంటే టైం. క్రేన్ ఎలాగూ అక్కడే ఉంది. టన్నులు మోసే మెషీన్‌కు 70 కిలోల మనిషి ఒక లెక్కా అనిపిస్తుంది. ఈ ఆలోచనే ప్రాణాల మీదికి తెస్తుంది.

సమస్య బరువు కాదు

క్రేన్‌ను సరుకు ఎత్తడానికి తయారు చేస్తారు. గాలికి ఊగి ఇనుప కడ్డీల కట్ట గోడకు తగిలితే గోడకు గీత పడుతుంది. అదే చోట మనిషి ఉంటే? కొక్కెం మరీ పైకి వెళ్లి బూమ్ కొసకు గుద్దుకుంటే తాడు తెగిపోవచ్చు. దాన్ని ముందే ఆపే స్విచ్ ఉంటుంది కానీ అది పనిచేస్తోందో లేదో ఎవరైనా చూడాలి. కొన్ని పాత క్రేన్లలో బ్రేక్ వదిలితే కొక్కెం తన బరువుకు తానే కిందికి జారిపోతుంది. అలాంటి క్రేన్‌తో మనిషిని అసలు ఎత్తకూడదు. పైగా ఆపరేటర్ దూరంగా కూర్చుంటాడు. చాలాసార్లు పైన ఉన్న మనిషి అతనికి కనిపించడు కూడా.

బజార్లలో బోర్డులు, ఫ్లెక్సీలు కట్టడానికి హైడ్రా క్రేన్ తెప్పిస్తారు కదా (కూల్చివేతల హైడ్రా కాదు, చక్రాల మీద తిరిగే క్రేన్). దాని కొక్కెం మీద కాలు పెట్టి పైకి వెళ్లడం కూడా ఇదే తప్పు. ఎత్తు తక్కువైనా తప్పు తప్పే.

నియమాలు ఏమంటున్నాయి?

మన దేశంలో భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, 1998లో దాని కేంద్ర నియమాలు వచ్చాయి. మనుషులు పైకి వెళ్లడానికి ఉండాల్సినవి హాయిస్ట్ లిఫ్టు, ఆమోదం పొందిన వేలాడే పరంజా లాంటివి. సరుకు ఎత్తే కొక్కెం మనిషి ఎక్కే వాహనం కాదు అన్నది ఆ నియమాల సారం.

క్రేన్‌తో మనుషుల్ని ఎత్తడం గురించి బాగా వివరంగా ఉన్నవి అమెరికాలోని ఓషా సంస్థ నియమాలు. గల్ఫ్‌లో పెద్ద ప్రాజెక్టుల్లోనూ చాలాచోట్ల ఇలాంటి పద్ధతే కనిపిస్తుంది. వాటిలో మొదటి మాటే "ఎత్తకూడదు" అని. నిచ్చెన, మెట్లు, పరంజా, లిఫ్టు ఇవేవీ అక్కడ పెట్టడం సాధ్యం కాకపోతేనో, లేదా వాటిని పెట్టడమే ఎక్కువ ప్రమాదం అయితేనో మాత్రమే క్రేన్. అంటే ఇది చివరి దారి. టైం మిగులుతుందన్నది కారణం కాదు.

సగం లెక్క

"ఇది 50 టన్నుల క్రేన్" అంటే ఎక్కడైనా 50 టన్నులు ఎత్తుతుందని కాదు. బూమ్ దగ్గరగా ఉన్నప్పుడే అంత. బూమ్ దూరం జరిగేకొద్దీ క్రేన్ మోయగల బరువు బాగా తగ్గిపోతుంది. ఏజెంట్ చెప్పిన జీతం వేరు, చేతికి వచ్చేది వేరు కదా, అలాగే. ఎంత దూరంలో ఎంత ఎత్తొచ్చో లోడ్ చార్ట్‌లో రాసి ఉంటుంది.

మనుషులు ఉన్నప్పుడు ఆ చార్ట్‌లోని బరువులో సగం దాటకూడదు. ఉదాహరణకు, మీరు పనిచేసే దూరంలో చార్ట్ 2,000 కిలోలు చూపిస్తే మీ లెక్క 1,000 కిలోలే. బుట్ట 300, కొక్కెం, తాళ్లు 250, ఇద్దరు మనుషులు 160, పనిముట్లు 40. మొత్తం 750. సరిపోయింది. అందులోకి ఇంకో ఇద్దరు, 150 కిలోల వెల్డింగ్ మెషీన్ ఎక్కితే 1,060 అవుతుంది. క్రేన్ మోస్తుంది, కానీ నియమం ఒప్పుకోదు. మిగిలిన సగం మీ ప్రాణానికి పెట్టిన పూచీ అనుకోండి.

బుట్ట ఎలా ఉండాలి?

గల్ఫ్‌లో దీన్ని మ్యాన్ బాస్కెట్ అంటారు. కాంక్రీట్ బకెట్, సరుకు ట్రే, చెక్క పలక ఇవి బాస్కెట్ కావు. చుట్టూ రెయిలింగ్ ఉండాలి, కింది భాగం మూసి ఉండాలి, తలుపు తనంతట తాను తెరుచుకోకూడదు. బుట్ట బరువెంత, ఎంత మోయగలదు అన్నది రేకు మీద రాసి ఉండాలి. మోయాల్సిన బరువుకు ఐదు రెట్లు తట్టుకునేలా కట్టాలి. కొక్కెం నోరు మూసి లాక్ అయి ఉండాలి.

ఎక్కే ముందు అడగాల్సినవి

1. ఇవాళ ఈ షిఫ్టులో ఖాళీ బుట్టలో అంతే బరువు పెట్టి, అదే చోటికి ఎత్తి చూశారా?

2. సైట్‌లో బిగించాక బుట్టను దాని సామర్థ్యానికి 125 శాతం బరువుతో 5 నిమిషాలు వేలాడదీసి పరీక్షించారా?

3. నా హార్నెస్ హుక్ ఎక్కడ తగిలించాలి?

4. సిగ్నల్ ఇచ్చేది ఎవరు? వాకీటాకీ పనిచేస్తోందా? మేం పైన ఉన్నంతసేపు ఆపరేటర్ సీటు వదలడు కదా?

5. గాలి ఎలా ఉంది? గంటకు 32 కిలోమీటర్లు దాటితే ఎత్తొచ్చో లేదో తెలిసిన మనిషి చూసి చెప్పాలి.

6. దగ్గర్లో కరెంటు తీగలు ఉన్నాయా?

బుట్ట కదులుతున్నంతసేపు చేతులు, కాళ్లు, తల లోపలే ఉండాలి. ఫోన్ జేబులో ఉండాలి.

వద్దనడం ఎలా?

రోజు కూలీకి వెళ్లేవాడికి 'నేను ఎక్కను' అనడం అంత తేలిక కాదు. రేపు పిలవరేమోనన్న భయం ఉంటుంది. గొడవ పడకుండా కూడా అడగొచ్చు. "మేస్త్రీ, బుట్ట తెప్పించండి, అప్పుడు ఎక్కుతా" అంటే పని మానేస్తున్నట్టు కాదు. నలుగురి ముందు అడగండి, సేఫ్టీ ఆఫీసర్ ఉంటే ఆయన్ని పిలవండి. ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే ఒక్కడి మీద కోపం రాదు.

"అల్లాహ్ మాలిక్" అని కొక్కెం పట్టుకోవడం తవక్కుల్ కాదు. ముందు ఒంటెను కట్టు, తర్వాత అల్లాహ్ మీద భరోసా పెట్టు అన్న ప్రవక్త (స) బోధ మనలో తెలియనిది ఎవరికి? హార్నెస్ తగిలించడం, బుట్ట చూసుకోవడం మన వంతు.

ఇంట్లో వాళ్లు చేయగలిగింది కూడా ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పనికి వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. పాలసీ కాపీ ఇంట్లో పెట్టుకోండి. ఇక్కడే పనిచేసేవాళ్లు, వయసు 18 నుంచి 60 మధ్య ఉండి ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే, సంక్షేమ బోర్డు కార్డు చేయించుకోవాలి.

ఈసారి ఫోన్ వచ్చినప్పుడు "తిన్నావా, డబ్బులు పంపావా" అన్నవాటితో పాటు ఇంకోటి అడగండి. "బేటా, పైకి ఎలా ఎక్కుతున్నావు?" అతను చెప్పేది వింటే పరిస్థితి ఎలా ఉందో మీకే అర్థమవుతుంది.