జాలీ వసారాకు ఏ సరుకు నిలుస్తుంది?

తొలకరికి ముందు ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం హార్డ్‌వేర్ దుకాణాలలో దోమల జాలీకి గిరాకీ లేవడం మామూలే. అడవి అంచు పల్లెలకు మలేరియా కొత్త కాదు. దానిని మోసే అనాఫిలిస్ దోమ రాత్రిపూట కుడుతుంది. అందుచేత వసారాకు జాలీ బిగించి అక్కడే మంచాలు వేసుకుంటారు. నాసిరకం సరుకు అంటగడితే కొన్నవారికి జ్వరం, అమ్మినవారికి మాట మిగులుతాయి.

మొదట కన్ను సంగతి. 16 నెంబరు జాలీ అంటే అంగుళానికి 16 తీగలు. అంగుళం 25.4 మిల్లీమీటర్లు గనుక, తీగ మందం పోను కన్ను సుమారు 1.3 మిల్లీమీటర్లు వుంటుంది. దోమను ఆపడానికి ఇది చాలును. 12 నెంబరులో కన్ను 1.8కి పోతుంది, చౌక అని దానిని దోమల జాలీగా అమ్మరాదు. మరీ సన్నని కన్నైతే గాలి ఆడదు, వేసవిలో ఆ గదిలో ఎవరూ పడుకోరు.

రకాలలో ప్లాస్టిక్ జాలీ ఎండకు పెళుసెక్కుతుంది, ఎలుకలు కొరుకుతాయి. గాల్వనైజ్డు తీగ కోసిన అంచుల వద్ద మొదలై తుప్పు పడుతుంది. ఫైబర్ గ్లాసుకు తుప్పు లేదు, కాని కుక్క గోటికి చిరుగుతుంది. పెట్టుబడి పెట్టగలవారికి స్టెయిన్‌లెస్ స్టీలు 304 రకమే మేలు. ఇక్కడ ఒక హెచ్చరిక: అయస్కాంతంతో పరీక్షించి సరుకు తీసుకునే అలవాటు మనలో వున్నది. అది నమ్మదగినది కాదు. 304 తీగను సన్నగా లాగినప్పుడు కొంత అయస్కాంత గుణం రావచ్చు. నికెల్ తక్కువగా వుండే 202 రకం అయస్కాంతానికి అంటకపోవచ్చు. మిల్లు సర్టిఫికెట్టులో నికెల్ కనీసం 8 శాతం వున్నదా అని చూడడమే దారి.

చట్రానికి టేకు శ్రేష్ఠం, పదును ఆరినదై వుండాలి. పచ్చి కర్ర ఆరేకొద్దీ వంగి, జాలీ వదులై, సందు పడుతుంది. ఈ ప్రాంతంలో విరివిగా పండే జామాయిల్ కర్ర చౌకే గాని, చీలడం, మెలితిరగడం దాని స్వభావం. గుంజలకు సరే, తలుపు చట్రానికి వద్దు. వెదురు చలికాలంలో నరికినదై, బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానినదైతే పురుగు పట్టదు. ఆ మందు వానకు కొట్టుకుపోతుంది గనుక చూరు కిందనే వాడాలి. ఏ కలపైనా పర్మిట్టు లేనిదైతే ధర ఎంత తక్కువైనా నష్టమే. చెక్‌పోస్టులో సరుకూ పోతుంది, బండీ నిలుస్తుంది.

కింద 3 అడుగుల గోడ పాల్వంచ బూడిద ఇటుకతో కడితే వాన చినుకు, మేకల బెడద తగ్గుతాయి. పైన 4 అడుగుల వెడల్పు చుట్ట చాలును. అయితే చట్రం లోపలి ఎత్తు 3 అడుగుల 10 అంగుళాలే వుంచాలి. మిగిలిన 2 అంగుళాలు పైన, కింద బిగింపుకు పోతాయి. 12 అడుగులు, 10 అడుగుల గదికి పొడవు పక్క ఒకటి ఇంటి గోడ అయితే, మూడు వైపులా కలిపి 32 అడుగుల చుట్ట చాలు. తరచు మరచేది రేకు మడతల కింది ఖాళీ. అది పూడ్చకుంటే జాలీకి పెట్టిన డబ్బంతా వృథా.

గోదావరి ఒడ్డు ఇళ్లకు ఇంకొక లెక్క. భద్రాచలం వద్ద మొదటి హెచ్చరిక 43 అడుగులు, మూడవది 53. నది 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అటువంటి చోట ప్లైవుడ్డు పనికిరాదు. మేకులు కొట్టకుండా స్క్రూలతో బిగిస్తే చట్రాలు విప్పి మిద్దెకు ఎక్కించవచ్చు.

భద్రాచలం వర్తకులు మరొకటి గమనించాలి. పక్కనే వున్న యేటపాక 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వున్నది. సొంత బండిలో అక్కడికి సరుకు చేరవేస్తే అది అంతర్రాష్ట్ర అమ్మకం, ఐజీఎస్టీ బిల్లు రాయాలి. కాంపొజిషన్ పద్ధతిలో వున్నవారికి అటువంటి అమ్మకానికి అనుమతే లేదు.